అమ్మ పలువరస

జూన్ 9

పిచిక కొన్నాళ్ళుగా సరిగా తినడం లేదు. నిద్రలో తప్ప నోరు మూతపడని పిల్ల, అందుకే ఆ ముద్దుపేరు పెట్టాను. అలాంటిది కంచం ముందు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటుంటే వేడి చేసిందేమో అనుకున్నాం. ఇవాళ అత్తయ్యగారు దాన్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, నోరు తెరిపించి, టార్చి వేసి చూశారు. పై పళ్ళ వెనక, అంగిట్లో, ఎర్రగా పుండు. ఆ పుండులో పళ్ళ అచ్చు. కింది ముందు పళ్ళు వెళ్ళి సరిగ్గా అక్కడే గుచ్చుకుంటున్నాయి.

"ఇది వేడి కాదు బాబూ. దీని పళ్ళు దీన్నే కొరుకుతున్నాయి" అన్నారు.

నా భార్య పోయిన దగ్గర్నుంచి అత్తయ్యగారు మా ఇంట్లోనే ఉంటున్నారు. రెండేళ్ళు కావస్తోంది. ఆవిడ లేకపోతే ఈ ఇల్లు ఏమయ్యేదో. నేను రోజంతా నా ఫోటో స్టూడియోలో కూర్చుని ఊళ్ళోవాళ్ళ ముఖాలు చూసి బతికేవాణ్ణి. కన్నకూతురి నోట్లో పుండు మాత్రం నాకు కనపడలేదు.

జూన్ 12

పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. బట్టల కొట్టు మీద మేడ, ఇరుకు మెట్లు. పిచికను కుర్చీలో వెనక్కి వాల్చి పళ్ళు కరిచిపట్టమంది. కరిచిపట్టగానే కింది పళ్ళు మాయం. మొత్తం పై పళ్ళ చాటుకు వెళ్ళిపోయాయి. చిన్న స్కేలు పెట్టి ముందువెనకల ఎడం కొలిచింది. తొమ్మిది మిల్లీమీటర్లట. రెండో మూడో ఉండాలట.

"ఎత్తుపళ్ళు. వాళ్ళమ్మ పోలిక" అన్నాను, కొంచెం గర్వంగానే.

ఆవిడ పిచిక ముఖాన్ని పక్కకు తిప్పి చూపించింది. "పై పళ్ళు ముందుకు రాలేదండీ. అవి ఉండాల్సిన చోటే ఉన్నాయి. కింది దవడే వెనకబడిపోయింది. అందుకని పైవి ఎత్తుగా కనిపిస్తున్నాయి."

ముఖాల మీద బతికేవాణ్ణి, ఈ సంగతి నాకెప్పుడూ తట్టలేదు. తనవీ ఎత్తుపళ్ళు కావన్నమాట.

తర్వాత చేతికి ఎక్స్‌రే తీయించింది. పళ్ళు చూడడానికి చెయ్యెందుకని పిచిక అడిగింది. మణికట్టు ఎముకలు చూస్తే మనిషి ఇంకా ఎంత ఎదుగుతుందో తెలుస్తుందట. పిచిక ఎదుగుదల ఇప్పుడు జోరు మీద ఉందట, ఇదే అదునట. పైకొకటి, కిందికొకటి, పళ్ళకు తొడిగి తీసే ప్లాస్టిక్ ప్లేట్లు ఇస్తుంది. అవి పెట్టుకుని నోరు మూయాలంటే కింది దవడ ముందుకు జరగక తప్పదు. పగలూ రాత్రీ అలాగే ఉంచితే ఎదిగే ఎముక అక్కడ కుదురుకుంటుంది. ఆ తర్వాత క్లిప్పులు వేసి వరస సరిచేస్తుంది. ఎదుగుదల ఆగిపోయాక వస్తే మాత్రం ప్లేట్ల వల్ల కాదు, దవడ ఎముక కోసి జరపాలి. అసలేమీ చేయకపోతే పుండు మానదు, చిగుళ్ళు తెగిపోయి పై పళ్ళే కదిలిపోతాయి.

"మొక్కై వంగనిది మానై వంగునా అంటారు కదండీ, అదే ఇది కూడా" అంది.

సామెతలు చెప్పే డాక్టర్లంటే నాకు గురి కుదరదు. ఆలోచించి చెప్తానన్నాను. ఇందులో ఆలోచించడానికి ఏముందని అత్తయ్యగారు మెట్లు దిగుతున్నంతసేపూ గొణుగుతూనే ఉన్నారు. నేను వినపడనట్టు ముందు దిగిపోయాను.

జూన్ 13

డాక్టరమ్మది మరీ చిన్న వయసు. అనుభవం ఉన్నట్టు లేదు.

జూన్ 17

పుండు తగ్గుముఖం పట్టింది. తగ్గుతుందని నాకు ముందే తెలుసు. మెత్తగా వండి పెట్టడం వల్లే తగ్గిందని అత్తయ్యగారు అంటారు. ఆవిడకు అన్నిటికీ ఒక కారణం కావాలి.

పొద్దున పిచిక బ్రెడ్డు ముక్కను నోటి పక్కగా పెట్టి, తల ఒక్క విసురు విసిరి చింపింది. ముందు పళ్ళు ఒకదానికొకటి అందవు కదా, కొరకడం కుదరదు. తనూ అంతే. పెళ్ళయిన కొత్తలో అది చూసి, కుక్కపిల్లలా ఏమిటా చింపడం అని ఏడిపించేవాణ్ణి. తను నవ్వేసేది. తనకు ఆ పట్టింపే ఉండేది కాదు.

జూన్ 21

డాక్టరమ్మ ఫోన్ చేసింది. పరీక్షలు అయ్యాక చూద్దామన్నాను. ఏ పరీక్షలూ లేవని వెనకనుంచి పిచిక అరిచింది. అత్తయ్యగారు ఫోన్ నా చేతిలోంచి తీసుకుని సరేనని చెప్పేశారు. ఈ ఇంట్లో నా మాటకు విలువెంతో అప్పుడే తెలిసింది.

మొదలుపెట్టే ముందు ఫోటోలు కావాలట. ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి, నవ్వుతూ ఒకటి. క్లినిక్‌లోనే తీస్తామంది. తాతకు దగ్గులు నేర్పడం అంటే ఇదే. నా కూతురి ఫోటో ఇంకొకరు తీయడమేమిటి, నేనే తీసి తెస్తానన్నాను.

జూన్ 23

స్టూడియోలో పిచికను స్టూలు మీద కూర్చోబెట్టి తీశాను. ఎదురుగా, పక్కనుంచి బాగానే వచ్చాయి. నవ్వమంటే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. తియ్యమంటే తీసింది, మళ్ళీ నవ్వొచ్చేసరికి చెయ్యి తనంతట తానే లేచింది. ఇదెప్పుడు నేర్చిందో నేను గమనించలేదు.

క్లాసులో అందరూ కుందేలు అంటారని చెప్పింది. కుందేలు అందమైన జంతువని నేను అన్నాను.

"నిన్నంటే తెలిసేది" అంది.

జూన్ 26

డాక్టరమ్మ ఫోటోలు చూసింది, పిచికను చూసింది, మళ్ళీ ఫోటోలు చూసింది.

"ఇవి ఎవరివండీ?"

తీసుకుని చూద్దును కదా, పక్కనుంచి తీసినదాంట్లో గడ్డం ముందుకొచ్చి ఉంది. పెదవులు హాయిగా కలిశాయి. నవ్వులో పై పళ్ళు లోపలికి వెళ్ళాయి. ఎవరు చేశారు? నేనే. ఎప్పుడు చేశానో నాకే గుర్తు లేదు. ప్రింటుకు ముందు కంప్యూటర్లో వెలుగు సరిచేస్తూ కూర్చున్నాను, చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. అలవాటులో పొరపాటు.

"మాకు ఏడాది పట్టే పని మీరు పూటలో చేసేశారే" అని డాక్టరమ్మ నవ్వింది. పిచిక చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాననే అనుకుంటున్నాను.

అసలువి పంపమంది. అసలువి ఉండవు. నాకు పని నేర్పిన గురువు చెప్పిన మొదటి పాఠం అదే. సరిచేసినదాన్ని అసలుదాని మీదే సేవ్ చెయ్యాలి, కస్టమర్ కంట అసలుది పడకూడదు, పడితే మనసు విరుగుతుంది. ఇన్నేళ్ళలో నేను ఆ మాట జవదాటలేదు. చివరికి ఆవిడే తన కెమెరాతో మళ్ళీ తీసుకుంది.

జూన్ 27

తన ఫోటోలన్నీ తీసి చూశాను.

పెళ్ళి ఫోటోల్లో పెదవులు కలిసి ఉన్నాయి. పిచికను ఎత్తుకున్న ఫోటోలో చక్కటి పలువరస. స్టూడియో అద్దం ముందు, మేడ మీద, రైల్లో, ఎందులో చూసినా గడ్డం ఉండాల్సిన చోటికి వచ్చి కూర్చుంది. అన్నీ నేను సరిచేసినవే. తనే నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, ఇంకొంచెం లోపలికి, ఇంకొంచెం, అని చెప్తుండేది. నేను జరుపుతుండేవాణ్ణి. సరదాకే. తనకు ఆ పట్టింపే ఉండేది కాదు.

ఫోన్లో కొన్ని వీడియోలున్నాయి. మాట్లాడుతుంది, మాట్లాడుతుంది, నవ్వొచ్చేసరికి చెయ్యి అడ్డం.

ఊరందరి ముఖాలూ నా దగ్గర ఉన్నాయి. బట్టతలలకు జుట్టు పెట్టాను, పోయినవాళ్ళను బతికున్నవాళ్ళ పక్కన నిలబెట్టాను. నా భార్య ముఖం నా దగ్గర లేదు. ఈ ఫోటోల్లో ఉన్నావిడ ఎవరో, ఆవిడతో నేను కాపురం చేయలేదు.

సాయంత్రం పిచిక స్కూలు సంచీ విసిరేసి, ఆకలేస్తోందంటూ నవ్వింది. చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరిచిపోయింది. ఆ నవ్వులో తను ఉంది.

జూన్ 28

మళ్ళీ చూశాను. సరిచేయనిది ఒక్కటీ లేదు.

జూలై 4

పిచికను ఇంకొన్ని ఫోటోలు తీశాను. డాక్టరమ్మకు కావాలని చెప్పాను. ఒక్కటి కూడా సరిచేయలేదు.

జూలై 5

ఇంకొన్ని తీశాను.

జూలై 8

ఇంకొన్ని. పాపం ఓపిగ్గా కూర్చుంటుంది. డాక్టరమ్మకు ఇన్ని ఎందుకని అడిగింది. వెలుగు ఒక్కోచోట ఒక్కోలా పడుతుందని చెప్పాను. అది నిజమే కదా.

ప్లేట్లు తయారయ్యాయని ఫోన్ వచ్చింది. ఈ వారం ఊపిరాడని పని అని చెప్పాను. ఆ తర్వాత స్టూడియోలో ఈగలు తోలుకుంటూ కూర్చున్నాను.

జూలై 11

అత్తయ్యగారు స్టూడియోకి వచ్చారు. ఆవిడ ఎప్పుడూ రారు. కంప్యూటర్లో పిచిక ముఖమే వరసగా ఉంది. నేను మూసేలోపే చూసేశారు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

తర్వాత కూతురి చిన్నతనం చెప్పారు. పిచికంత వయసులో తనూ పళ్ళు బాగు చేయించమని ఏడ్చిందట. ఇంట్లో అందరూ, కాకిపిల్ల కాకికి ముద్దు అన్నట్టు, నీకేం, లక్షణంగా ఉన్నావు అని నోరు మూయించారట. అప్పట్నుంచి అడగడం మానేసిందట. నవ్వడం కూడా మానేసిందట.

"నా కూతురు నోరారా నవ్వగా నేను చూళ్ళేదు బాబూ. కన్నతల్లిని. నువ్వు చూశావా?"

చూశాను. నేనొక్కణ్ణే చూశాను. తలుపులు వేసి ఉన్నప్పుడు, ఇద్దరమే ఉన్నప్పుడు, చెయ్యి పక్కన పడేసి, ఆ పళ్ళన్నీ బయటపెట్టి, కడుపు పట్టుకుని నవ్వేది. ఆ నవ్వు కోసమే నేను బతికాను. ఈ మాట ఆవిడతో ఎలా చెప్పను?

"దీన్నైనా నవ్వనీ" అని చెప్పి లేచి వెళ్ళిపోయారు.

నాకు మాత్రం తనకు ఆ పట్టింపు ఉన్నట్టు ఎప్పుడూ అనిపించలేదు.

జూలై 15

ప్లేట్లు పెట్టించాం. డాక్టరమ్మ ఒక్కొక్కటీ నొక్కి అమర్చి, నోరు మూయమంది. పిచిక మూసింది. గడ్డం ముందుకు వచ్చేసింది. పెదవులు కలిశాయి. అంత తొందరగా అవుతుందని నేను అనుకోలేదు. నెమ్మదిగా జరుగుతుందనుకున్నాను, రోజుకు కాస్త చొప్పున అలవాటు పడొచ్చనుకున్నాను.

"ఎలా ఉన్నాను నాన్నా?" అంది. నోరంతా ప్లేట్లే కదా, మాట ముద్దగా వచ్చింది.

బాగున్నావన్నాను, జేబులో బండి తాళం వెతుక్కుంటూ.

జూలై 16

పని ఎక్కువగా ఉంది.

జూలై 21

అత్తయ్యగారు చిన్నకూతురి పురుడికని వెళ్ళారు. రెండు నెలల దాకా రారు. రోజూ పిల్ల నోరు చూడమని, ప్లేట్లు తీసి కడిగి మళ్ళీ పెట్టుకుంటోందో లేదో కనిపెట్టుకుని ఉండమని గుమ్మం దాటే దాకా చెప్పారు. అలాగేనన్నాను.

జూలై 24

పని ఎక్కువగా ఉంది. భోజనం స్టూడియోకే తెచ్చుకుంటున్నాను. పిచిక హోంవర్క్ గురించి ఏదో అడిగితే కంప్యూటర్ వైపు చూస్తూనే చెప్పాను. దాని మాట ముద్దగా, వేరే ఎవరిదోలా ఉంది.

జూలై 30

పని ఎక్కువగా ఉంది.

ఆగస్టు 12

పిచిక మాట తేటపడింది. ప్లేట్లకు అలవాటు పడిపోయింది. డాక్టరమ్మ చెప్పిందే, మొదట్లో కష్టంగా ఉంటుంది, తర్వాత మాట దానంతట అదే సర్దుకుంటుందని. నోరు చూపించమంటే చిరాకు పడుతుంది, ఆ వయసు పిల్లలంతే.

ఇవాళ ఇద్దరం కలిసి భోంచేశాం. వాళ్ళ టీచరు కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని, ఎవరు తీశారని క్లాసంతా వెతికించిన సంగతి యాక్షన్ చేసి చూపించింది. నవ్వలేక చచ్చాం. ఒక్కోసారి దాని ముఖం ముందున్నట్టే కనిపిస్తోంది. నా భ్రమ.

ఆగస్టు 20

మనసు తేలిగ్గా ఉంది. పిచికను ఫోటోలు తీశాను.

సెప్టెంబర్ 2

డాక్టరమ్మ స్కేలు పెట్టి కొలిచింది. మళ్ళీ కొలిచింది. తొమ్మిది.

ప్లేట్లు చేతిలోకి తీసుకుని వెలుగులో తిప్పి చూసింది. గీత లేదు, మరక లేదు. నెలన్నర వాడిన ప్లేటు ఇలా ఉండదంది. నోట్లో పెట్టబోతే సరిగా కూర్చోనే లేదు, అరగదీసి సరిచేసి ఇచ్చింది. అంగిట్లో పుండు మళ్ళీ మొదలైంది. నన్ను పక్కకు పిలిచి, ఇంకా అదును ఉంది కానీ ఇలా పోగొట్టుకునేంత లేదని, తర్వాత కోత తప్పదని చెప్పింది. ఇంట్లో ఎవరూ చూడలేదా అని అడిగింది. పిచికను రమ్మని సైగ చేసి మెట్ల వైపు నడిచాను.

మెట్ల మీదే మొదలుపెట్టాను. రోడ్డు మీదా ఆపలేదు. ఇన్నేళ్ళలో ఆ పిల్లను పల్లెత్తు మాట అనలేదు నేను. ఇవాళ నోటికి ఎంత వస్తే అంత అన్నాను. బాధ్యత లేదన్నాను, మొండి అన్నాను, ఇంత అబద్ధం ఎక్కడ నేర్చావన్నాను. బట్టల కొట్టువాడు బయటికొచ్చి చూశాడు. పిచిక తల వంచుకుని నడిచింది.

అదే రోజు, సాయంత్రం

వంటింటి గుమ్మంలో కూర్చుని ఉంది. పక్కన ప్లేట్ల డబ్బా. ఎదురుగా చతికిలబడి ఎందుకు పెట్టుకోలేదని మెల్లగా అడిగాను. నొప్పా అంటే కాదంది. స్కూల్లో ఏమైనా అన్నారా అంటే కాదంది. చాలాసేపు డబ్బా మూత తెరిచి మూసి, తెరిచి మూసి, చివరికి చెప్పింది.

"పెట్టుకుంటే నువ్వు నా వైపు చూడట్లేదు నాన్నా."

పని ఎక్కువగా ఉందని చెప్పబోయాను.

"తీసేస్తే చూస్తున్నావు. నేను తీసి చూశాను, పెట్టుకుని చూశాను. తీసినప్పుడల్లా చూశావు. ఫోటోలు కూడా తీశావు."

పన్నెండేళ్ళ పిల్ల. అమ్మ పోయింది, అమ్మమ్మ ఊళ్ళో లేదు, ఉన్నది నేనొక్కణ్ణి. నా చూపు కోసం అంగిట్లో పుండు భరించింది.

"నేను అమ్మలా ఉండాలి కదా నీకు" అంది. ఆ గొంతులో నిష్ఠూరం లేదు, అదొక ఇంటిపని అయినట్టు చెప్పింది. తర్వాత, "అమ్మకి తన పళ్ళంటే ఇష్టమేనా?" అని అడిగింది.

తనకు ఆ పట్టింపే ఉండేది కాదు. మాట నోటిదాకా వచ్చింది. ఇంకొంచెం లోపలికి, ఇంకొంచెం, అంటూ నా పక్కన కూర్చున్న మనిషి కళ్ళలో ఏముండేదో నేను ఎన్నడూ తల తిప్పి చూడలేదు. నా చూపంతా మౌసు మీదే.

"లేదమ్మా. ఇష్టం లేదు. నీ అంత ఉన్నప్పట్నుంచీ బాధపడింది. నాకే ఇష్టం" అన్నాను.

ఏడుపు ఆగలేదు. తను పోయినప్పుడు వచ్చినవాళ్ళకు మర్యాదలు చేస్తూ తిరిగాను, ఏడవలేదు. ఇవాళ పిల్ల ముందు వెక్కి వెక్కి ఏడ్చాను. పిచిక లేచొచ్చి నా తల మీద చెయ్యి వేసి నిలబడింది. తర్వాత డబ్బా తీసుకుని పంపు దగ్గరికి వెళ్ళింది. నీళ్ళ చప్పుడు వినపడింది.

సెప్టెంబర్ 3

అత్తయ్యగారికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. తిడతారనుకున్నాను. పిల్ల ఏం చేస్తోందని మాత్రమే అడిగారు.

స్టూడియో మధ్యాహ్నం మూసేశాను. ఇద్దరం ఎదురెదురుగా భోజనానికి కూర్చున్నాం. పిచిక ప్లేట్లు పెట్టుకునే తింటోంది. ఒక్కో ముద్దా ఎటు నెట్టుకుని నమలాలో తెలియక అవస్థ పడుతోంది. గడ్డం ముందుకు వచ్చింది. పక్కకు తిరిగి మంచినీళ్ళు తాగినప్పుడు చూశాను, మూతి వంపు మారిపోయింది. తను కాదు. ఎంత వెతికినా తను లేదు. కళ్ళు దించుకోబోయి ఆపుకున్నాను. నుదురు ఇంత వెడల్పని, ఎడమ కనుబొమ దగ్గర చిన్న పుట్టుమచ్చ ఉందని నాకు తెలియదు. ఇన్ని ఫోటోలు తీశాను, ఎప్పుడూ మూతే చూశాను.

"అలా చూడకు నాన్నా, మింగుడు పడట్లేదు" అంది ముద్దముద్దగా.

"చూడకపోతే చూడట్లేదంటావు, చూస్తే చూడకంటావు" అన్నాను.

దానికి నవ్వొచ్చింది. నోట్లో అన్నం, ప్లేట్లు, ఎంగిలి, అన్నీ కనపడేలా నవ్వింది. నేను చూస్తూనే ఉన్నాను.